చివరి డబ్బాలో నాన్న

నాన్న సంవత్సరీకం అయిపోయి చుట్టాలంతా ఊళ్లకు వెళ్లాక, అన్నయ్య, నేను, తమ్ముడు నడవాలో కూర్చుని నల్లపెట్టె తెరిచాం. గూడ్సు గార్డులు డ్యూటీకి తీసుకెళ్లే లైన్ బాక్సు లాంటి పెట్టె అది. 1990లో నాన్న రిటైరైనప్పుడు తోటి గార్డులు తలా కాస్త వేసుకుని చేయించి ఇచ్చారు. మూత మీద తెల్ల రంగుతో ఆయన పేరు. లోపల ఒక ఈల, మడత పెట్టిన ఆకుపచ్చ జెండా, పాత బనీనులో చుట్టిన బాల్ బ్యాడ్మింటన్ బ్యాటు, రంగు వెలిసిపోయిన రెండు ఉన్ని బంతులు, వాటి కింద పదకొండు ఎర్ర అట్ట పుస్తకాలు.

ఆ పుస్తకాలు మాకు కొత్తేం కాదు. ఎక్కడికైనా వెళ్లి వచ్చిన రాత్రి నాన్న దీపం దగ్గర కూర్చుని ఏదో రాసుకోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ అందులో ఏముందో ముగ్గురిలో ఎవరమూ ఎప్పుడూ చదవలేదు. అన్నయ్య రెండో పుస్తకం తీసి ఒక పేజీ పైకి చదివాడు.

"12-10-69, ఆదివారం. కొండపల్లి ఖిల్లా. బ. 5-40. చే. 8-15. లోడు 5. ఆలస్యం 25 ని. కారణం: చిన్నోడి చెప్పు తెగింది."

రైలు నడిచినంత సేపూ గార్డు ఇలాగే రాయాలి. బండి ఏ స్టేషన్ నుంచి ఎన్నింటికి బయలుదేరింది, ఎన్నింటికి చేరింది, లోడు ఎంత, ఎక్కడ ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది. డ్యూటీలో రాసే కాగితాలు ఆఫీసుకి పోయేవి. ఇంటి కోసం నాన్న ఇంకో లెక్క పెట్టుకున్నారు. అన్నయ్యా నేనూ తమ్ముడూ, అమ్మా, నాయనమ్మా. లోడు 5. తనను ఎప్పుడూ కలుపుకోలేదు. బండి లోడులో గార్డుని లెక్కెయ్యరు కదా.

ఆ రాత్రి ముగ్గురం పదకొండు పుస్తకాలూ చదివాం. తెల్లారిపోయింది. అప్పటి నుంచి ఇది రాయాలని ఉంది.

నాన్న 1932లో అమరావతికి దగ్గర్లో, కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో పుట్టారు. నడక వచ్చిన కొత్తల్లోనే ఈత వచ్చిందని నాయనమ్మ చెప్పేది. నడుముకి మునగ బెండ్లు కట్టి బావిలోకి తోసేవారట. ఏడాది తిరిగేసరికి బెండ్లు విప్పేసి ఏట్లో పడ్డారు. పద్నాలుగేళ్లకి, ఎండాకాలంలో ఏరు సన్నబడ్డప్పుడు అవతలి ఒడ్డుకి ఈది, అక్కడ దోసపాదుల దగ్గర రెండు దోసకాయలు అడిగి తీసుకుని, వాటిని తువ్వాలులో మూటగట్టి మెడకు తగిలించుకుని తిరిగి ఈదుకుంటూ వచ్చేవారు. 1952లో బెజవాడ ఆనకట్ట తెగిందని తెలియగానే చూడ్డానికి నడిచి వెళ్లినవాళ్లలో ఆయనా ఉన్నారు. అంత రాతికట్టు అలా ఖాళీగా నోరు తెరుచుకుని ఉంటే, ఏరంటే మొదటిసారి భయమేసిందని చెప్పేవారు. "భయం లేనివాడితో నీళ్లలోకి దిగకూడదు" అన్నది ఆయన దగ్గర మేం చాలాసార్లు విన్న మాట.

1953లో సదరన్ రైల్వేలో గుమాస్తాగా చేరారు. ఏడేళ్లకి గార్డు అయ్యారు. కుర్చీలో కూర్చునే పని వదులుకుని గూడ్సు బండి చివర బ్రేక్ వ్యాన్‌లోకి వెళ్లడం మా తాతయ్యకి అస్సలు నచ్చలేదట. అందులో లైటుండదు, ఫ్యానుండదు. ఎండాకాలం ఇనుప గోడలు పొయ్యిలా కాలతాయి, చలికాలం గాలి కోసేస్తుంది. ఎప్పుడు పిలుపొస్తుందో తెలియదు. అర్ధరాత్రి కాల్ బాయ్ సైకిల్ మీద వచ్చి తలుపు తట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. రెండు గంటల్లో నాన్న బండి దగ్గర ఉండాలి. అమ్మ నిద్ర కళ్లతోనే లేచి పెరుగన్నం కలిపి, నిమ్మకాయ ఊరగాయ ముక్క పెట్టి క్యారియర్ కట్టేది. బిట్రగుంట రన్నింగ్ రూమ్‌లో తిని, పడుకుని, మర్నాటికో ఎల్లుండికో వచ్చేవారు. ఒంటి నిండా బొగ్గు నుసి, నాలిక మీద ఊదారంగు.

ఆ ఊదారంగు సంగతి చెప్పాలి. గార్డులు కాపీయింగ్ పెన్సిల్‌తో రాసేవారు. మొన తడి చేస్తే సిరాలా ఊదాగా పడుతుంది, చెరిగిపోదు. నాన్న రాసేముందు మొన నాలిక్కి ఆనించేవారు. మా చిన్నప్పుడు నాన్న వచ్చారంటే ముందు "నాలిక చూపించండి" అని అడిగేవాళ్లం. ముదురు ఊదాగా ఉంటే దూరం బండి, దారిలో చాలా ఆగింది అని లెక్క. ఆయన నాలిక బయట పెట్టేవారు, మేం చూసి బండి ఎక్కడి దాకా వెళ్లిందో చెప్పేవాళ్లం. తప్పు చెప్పినా "అబ్బో, సరిగ్గా చెప్పావే" అనేవారు. ఇంటి పుస్తకాలు కూడా ఆ పెన్సిల్‌తో రాసినవే. యాభై ఏళ్ల కిందటి అక్షరాలు ఇంకా ఊదాగానే ఉన్నాయి.

మేం విజయవాడ సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, నాలుగు గంటలు పడుకుని సాయంత్రం అయిదింటికల్లా బ్యాటు పట్టుకుని గ్రౌండులో ఉండేవారు నాన్న. బాల్ బ్యాడ్మింటన్. ఈ ఆట ఇప్పటి పిల్లలకి తెలియదేమో. షటిల్ కాదు, పసుపుపచ్చ ఉన్ని బంతితో ఆడతారు. ఒక్కో వైపు అయిదుగురు. ఇండోర్ స్టేడియం అక్కర్లేదు, గట్టి నేల చదును చేసి సున్నం గీతలు వేస్తే కోర్టు అయిపోతుంది. బంతి ముప్ఫై గ్రాములకి మించదు. గాలి ఏ వైపు వీస్తుందో చూసి కొట్టాలి. మంచు పడితే ఉన్ని తడిసి బరువెక్కుతుంది, అప్పుడు ఆట తీరే మారిపోతుంది.

నాన్న వెనక ఆడేవారు, లెఫ్ట్ బ్యాక్. ముందున్నవాళ్లు కట్ చేస్తే, స్మాష్ కొడితే జనం కేకలు వేస్తారు. బ్యాక్‌లో ఉన్నవాడు ఓడిపోయిందనుకున్న బంతిని వంగి, దాదాపు నేల నుంచి ఏరి మళ్లీ ముందుకి ఇస్తాడు. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. నేను గ్రౌండు గట్టు మీద కూర్చుని ఆయన కాళ్లే చూసేదాన్ని. బంతి రాకముందే కాళ్లు అక్కడ ఉండేవి. ఆ రోజుల్లో ఈ ఆటకి దేవుడంటే వరంగల్ పిచ్చయ్యగారే. 1970లో ఆయనకి అర్జున అవార్డు వచ్చిన రోజు మా క్వార్టర్స్‌లో నాన్న జట్టు మిఠాయి పంచింది. ఆయనెవరో, వీళ్లెవరో. కానీ మన ఆటకి అర్జున వచ్చిందని సొంత అన్నకి వచ్చినట్టే సంబరపడ్డారు. పిచ్చయ్యగారు నూరేళ్లు దాటి బతికి 2021లో పోయినప్పుడు, టీవీలో ఆ వార్త చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి పెట్టెలోంచి బ్యాటు తీసి, బిగువు వదిలిన నరాలు వేలితో మీటి చూసి, మళ్లీ బనీను చుట్టి లోపల పెట్టేశారు.

పెళ్లికి ముందు ఆయన చేసిన సాహసాలు మాకు కథల్లాగే తెలుసు. అందులో అన్నిటికంటే పెద్దది నందికొండ యాత్ర. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేస్తున్నారని తెలిసి ముగ్గురు స్నేహితులు సైకిళ్ల మీద బయలుదేరారు. అప్పటికి ప్రకాశం బ్యారేజీ లేదు, అది 1957లో వచ్చింది. సైకిళ్లు పడవలో వేసుకుని సీతానగరం వైపు దిగి గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా వెళ్లారు. పల్నాటి రాళ్లకి టైర్లు చీలిపోతే లోపల గోనెపట్టా ముక్కలు పెట్టి తొక్కారట. నెహ్రూగారు దూరంగా, తెల్లటి చుక్కలాగా కనిపించారని, అంత దూరం తొక్కినందుకు ఆ చుక్క చాలని చెప్పేవారు. 1967లో డ్యాం నుంచి కాలవలకి నీళ్లు వదిలాక మా అందరినీ తీసుకెళ్లి, తాము నిలబడ్డ చోటు ఇదీ అని చూపించబోయారు. ఆ చోటు నీళ్ల కింద ఉందో, రాతికట్టడం కింద ఉందో ఎంత వెతికినా తేలలేదు.

తర్వాత సెకండ్ హ్యాండ్ జావా బండి కొన్నారు. కిక్ కొట్టే రాడ్డే ముందుకి వంచితే గేరు రాడ్డు అయ్యేది. ముందు ట్యాంకు మీద తమ్ముడు, వెనక అమ్మ, మధ్యలో నేను. అన్నయ్య సైకిల్ మీద ముందు వెళ్లేవాడు. జావా ఎంత వేగం పోగలదో మా వీధంతటికీ తెలుసు, కానీ అన్నయ్య సైకిల్‌ని ఒక్కసారి కూడా దాటి వెళ్లలేదు. మాచవరం ఎత్తు మీద అన్నయ్య దిగి తోసుకుంటూ నడుస్తుంటే, వెనకాల ఇంజను గుడగుడలాడించుకుంటూ నాన్న.

ఎక్కడికి వెళ్లినా అంతే. తిరుపతి కొండ మెట్లు ఎక్కేటప్పుడు నాయనమ్మ అందరికంటే నెమ్మది. నాన్న ఆవిడ వెనక. మోకాళ్ల పర్వతం దగ్గర అమ్మ చతికిలబడితే అమ్మ వెనక. చిన్నప్పుడు నాకు ఇది కోపం తెప్పించేది. అందరి నాన్నలూ ముందు నడుస్తారు, పిల్లలు చెయ్యి పట్టుకుని వెనక వెళతారు, మా నాన్న మాత్రం ఎప్పుడు తిరిగి చూసినా ఎక్కడో వెనక ఉంటారు. ఒకసారి అడిగేశాను. "బండి పూర్తిగా వచ్చిందని స్టేషన్ మాస్టరు ఎలా తెలుసుకుంటాడు? ఇంజను చూసి కాదమ్మాయ్. చివరి డబ్బా వెనక దీపం చూసి. అది కనిపించకపోతే మధ్యలో ఏదో తెగి ఉండిపోయినట్టు" అన్నారు. అప్పటికి నాకు అర్థమైంది సగమే.

1971 సంక్రాంతికి పాసు తీసి రామేశ్వరం తీసుకెళ్లారు. ఎగ్మూరులో మీటర్ గేజి బండి ఎక్కాం. పాంబన్ వంతెన మీద బండి నడకలా వెళుతుంటే కిటికీలోంచి కిందికి చూస్తే పట్టాలు కనపడవు, నీళ్లే. అమ్మ కళ్లు మూసుకుని లలితా సహస్రనామం చదువుతోంది. దర్శనం అయిన మర్నాడు నాన్న ధనుష్కోటి వెళదామన్నారు. అక్కడ ఏముంది, అంతా కొట్టుకుపోయిందిగా అంది అమ్మ. వెళదాం అన్నారు, అంతే. జాలరుల సామాను వేసుకెళ్లే లారీ ఒకటి కొంత దూరం తీసుకెళ్లింది. మిగతాది ఇసకలో నడిచాం.

అప్పటికి ఆరేళ్లే అయింది తుఫాను వచ్చి. 1964 డిసెంబరు 22 రాత్రి పాంబన్ నుంచి ధనుష్కోటి వెళ్లే ప్యాసింజరు స్టేషన్ దగ్గరికి వస్తూ ఉప్పెనలో మొత్తంగా కొట్టుకుపోయింది. వందమందికి పైగా ఉన్నారు అందులో. ఒక్కరు మిగల్లేదు. మేం వెళ్లేసరికి స్టేషన్ గోడలు పైకప్పు లేకుండా నిలబడి ఉన్నాయి. ఒక చర్చి మొండి గోడలు. ఇసకలోంచి తుప్పు పట్టిన పట్టా ముక్క అర గజం బయటికి పొడుచుకొచ్చింది. నాన్న దాని పక్కన గొంతుక్కూర్చుని దాని మీద ఇసక చేత్తో తుడిచారు. తర్వాత అమ్మ సంచిలోంచి కర్పూరం అడిగారు. గాలికి వెలగలేదు. అమ్మ కొంగు అడ్డం పట్టింది, నేను నా పరికిణీ అడ్డం పెట్టాను. నాలుగో పుల్లకి వెలిగింది.

"ముందు నీళ్లు డ్రైవరుకి కనపడి ఉంటాయి," అన్నారు నాన్న, ఎవరితోనో అన్నట్టు. "గార్డుకి ఏమీ తెలిసుండదు. బండి ఎందుకు ఆగిందో చూద్దామని దీపం పట్టుకుని దిగబోయి ఉంటాడు."

నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాన్న కళ్లలో నీళ్లు చూడ్డం అదే మొదటిసారి. పుస్తకంలో ఆ రోజు పేజీలో ఊరి పేరూ తేదీ తప్ప ఏమీ లేదు. లోడు కూడా రాయలేదు.

ఇక నా ఈత. 1974 మే నెల, దేశమంతా రైల్వే సమ్మె. మే 8న మొదలై ఇరవై రోజులు సాగింది. క్వార్టర్స్‌లో చాలామంది మగవాళ్లు రాత్రిళ్లు ఇళ్లలో పడుకునేవాళ్లు కాదు. అమ్మకి టెన్షన్, నాయనమ్మకి దేవుళ్లకి మొక్కులు. జీతం వస్తుందో రాదో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులు. నాన్న పెళ్లయ్యాక అన్ని రోజులు వరసగా డ్యూటీ లేకుండా ఉన్నది అప్పుడే. ఒక తెల్లవారుజామున నన్ను లేపి, "పద, ఏటికి" అన్నారు. నాకు పన్నెండు నిండబోతున్నాయి. నాయనమ్మ గడపకి అడ్డంగా నిలబడింది.

"ఎదుగుతున్న ఆడపిల్లకి ఈతలేంట్రా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ ఏట్లో పడ్డప్పుడు దీన్ని బయటికి తీయరమ్మా," అన్నారు నాన్న.

చీకటి విడకముందే సీతానగరం వైపు వెళ్లేవాళ్లం. అన్నయ్యకి ముందే వచ్చు. నాకు నాన్న జావా బండి ట్యూబుకి గాలి కొట్టి, చంకల కింద పెట్టి నీళ్లలోకి దింపారు. నాలుగు రోజులు ట్యూబు. అయిదో రోజు ట్యూబు తేలేదు. నడుం దగ్గర రెండు వేళ్లు ఆనించి, "ముందు చూడు. నేను వెనకే ఉన్నా. బార వెయ్యి" అన్నారు. వేశాను. "ఇంకోటి." వేశాను. నీళ్లు చల్లగా, పాచి వాసనతో, గడ్డం కింద తగులుతున్నాయి. దూరంగా కొండ మీద అమ్మవారి గుడి దీపాలు. "నేను వెనకే ఉన్నా" అని మళ్లీ వినిపించింది, కానీ గొంతు చిన్నగా. తిరిగి చూశాను. నాన్న పది బారల దూరంలో, మెడ దాకా నీళ్లలో, నవ్వుతూ ఉన్నారు. గుండె జారి రెండు గుక్కలు మింగాను. ఆయన నాలుగు బారల్లో వచ్చి లేవనెత్తారు. ఒడ్డుకొచ్చాక ఏడుస్తూ, "వెనకే ఉన్నానని అబద్ధం చెప్పారు" అన్నాను.

"వెనకే ఉన్నాను కదా. పట్టుకున్నానని చెప్పలేదుగా," అన్నారు తల తుడుస్తూ.

పుస్తకంలో ఆ రోజు: "అమ్మాయి. 11 బారలు. సొంత పవర్." ఈ పేజీ దగ్గర అన్నయ్య చదవడం ఆపి పుస్తకం నా చేతికి ఇచ్చాడు.

1977 నవంబరు ఉప్పెన తర్వాత దివిసీమకి వెళ్లారు, బియ్యం మూటలూ పాత బట్టలూ పోగేసుకుని స్నేహితులతో. అవనిగడ్డ దాటాక దారులు లేవు. ఈత వచ్చినవాళ్లు కావాలన్నారట. నాలుగు రోజులకి తిరిగి వచ్చి, పెరట్లో బావి దగ్గర చాలాసేపు నీళ్లు పోసుకుంటూనే ఉన్నారు. అమ్మ వెళ్లి చేద పట్టుకుని ఆపింది. అక్కడ ఏం చేశారో, ఏం చూశారో ఆయన మాకు చెప్పలేదు, మేం అడగలేదు. కానీ ఆ ఎండాకాలం మా వీధిలో ఈత రాని పిల్లలందరినీ, ఆడా మగా తేడా లేకుండా, ఏటికి తీసుకెళ్లారు. ఇప్పుడు వాళ్లలో కొందరు తాతలూ అమ్మమ్మలూ అయ్యారు. సంవత్సరీకానికి వచ్చి, "మీ నాన్నగారు నన్ను నీళ్లలోకి తోసిన చోటు" అంటూ చెప్పుకున్నారు.

ఇంత చెప్పాక ఒకటి దాచకూడదు. నాన్న ఇంట్లో లేని పండగలు చాలా ఉన్నాయి. దీపావళికి మతాబులు అన్నయ్యే వెలిగించేవాడు. తమ్ముడు పుట్టినప్పుడు ఆయన బండి ఎక్కడో లూప్ లైన్లో పడి ఉంది. నాకు టైఫాయిడ్ వచ్చి ఒళ్లు తెలియకుండా ఉన్న రెండు రాత్రులూ అమ్మ ఒక్కతే కూర్చుంది. అమ్మ పైకి ఏమీ అనేది కాదు గానీ, నాన్న వచ్చిన రోజు గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడయ్యేవి. నాన్నకి ఆ చప్పుడు అర్థమయ్యేది. మాట్లాడకుండా వెళ్లి కూరలు తరిగేవారు. ఇంటికి బాకీ ఉన్నాననే భావం ఆయనలో ఎప్పుడూ ఉండేదని నాకిప్పుడు అనిపిస్తుంది. సెలవు దొరికిన ప్రతి రోజూ అందరినీ పోగేసుకుని ఎక్కడికో అక్కడికి బయలుదేరడం అందుకేనేమో.

ఆయనకి జీవితం మొత్తంలో ఒక పెద్ద కోరిక ఉండేది. గంగ పుట్టినచోట, గోముఖం దగ్గర నీళ్లు తాకాలని. కృష్ణలో పుట్టి పెరిగినవాడికి గంగ మీద ఆ మోజు ఎందుకో తెలియదు. రిటైరయ్యాక, 1993 జూన్‌లో, అమ్మనీ తమ్ముడినీ తీసుకుని బయలుదేరారు. హరిద్వారం, ఉత్తరకాశీ, గంగోత్రి. గంగోత్రి నుంచి గోముఖం 18 కిలోమీటర్లు, నడకే. మూడు వేల మీటర్లు దాటిన ఎత్తు. నాన్నకి 61 ఏళ్లు, అయినా తమ్ముడి కంటే హుషారుగా ఉన్నారట. సగం దారిలో చీర్‌బాసా అని పైన్ చెట్ల మధ్య చిన్న మజిలీ వస్తుంది. అక్కడికి చేరేసరికి అమ్మకి తల తిరిగింది, ఊపిరి అందడం లేదు. టీ కొట్టు బల్ల మీద పడుకోబెట్టారు. అమ్మే చెప్పింది, "చిన్నోడు నా దగ్గర ఉంటాడు, మీరు వెళ్లి రండి, ఇంత దూరం వచ్చి" అని. నాన్న తల పైకెత్తి ఆ మంచు కొండల వైపు ఒకసారి చూసి, అమ్మ చెప్పులు తీసి, పాదాలు తన శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టారట.

"గోముఖం ఎక్కడికి పోతుందోయ్," అన్నారట.

తమ్ముడిని వెళ్లమన్నారు గానీ వాడూ వెళ్లలేదు. ముగ్గురూ దిగి వచ్చేశారు. ఆ పేజీ మాకు దొరికింది. "చీర్‌బాసా. లోడు 2. లైన్ క్లియర్ లేదు. వెనక్కి." కింద ఇంకే వ్యాఖ్యా లేదు. ఆయన మళ్లీ అటు వెళ్లనేలేదు. అమ్మ పోయాక, 2010లో, నేను తీసుకెళతాను గుర్రం మీద వెళ్లొచ్చు అంటే, వద్దన్నారు. అమ్మ చూడనిది తనొక్కడే చూడ్డం బాగుండదన్నారు. ఈ ఒక్కటి చాలు నాకు, మా నాన్న ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే చెప్పడానికి.

అమ్మ 2009లో పోయింది. ఎనిమిది నెలలు పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. తర్వాత ఒక రోజు "బెంజి సర్కిల్ దాకా నడక. లోడు లేదు" అని ఉంది. అలా చాలా రోజులు, "లోడు లేదు," "లోడు లేదు." నేనూ మావారూ విజయవాడ వచ్చేసి ఆయన దగ్గర ఉండటం మొదలుపెట్టాక మెల్లగా అంకెలు మళ్లీ వచ్చాయి. డెబ్బై ఎనిమిదో ఏట దాకా ఏట్లో ఈదారు. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు 84 ఏళ్లు. ఘాట్‌లో మెట్టు మీద కూర్చుని మూడు మునకలు వేసి, కట్టిన తాళ్ల అవతలి వైపు నీళ్లని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. నేను చెయ్యి పట్టుకున్నాను. "వెళ్లనులే," అన్నారు.

చివరి రెండేళ్లు మా అబ్బాయి కూతురితోనే ఆయన లోకం. దానికి నాలుగో పుట్టినరోజుకి సైకిల్ కొనిపెట్టింది ఆయనే. పక్కన రెండు సపోర్టు చక్రాలు ఉన్న గులాబి రంగు సైకిల్. కొనగానే ఆయన చేసిన మొదటి పని, ఎర్ర రిఫ్లెక్టరు ఒకటి తెప్పించి వెనక మడ్‌గార్డుకి స్వయంగా బిగించడం. చేతులు వణుకుతున్నాయి, స్క్రూ రెండుసార్లు కింద పడింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం అది పార్కులో తొక్కుతుంటే ఆయన చేతికర్రతో దాని వెనక. అది ఆగితే ఆగేవారు. అది తిరిగి చూస్తే చెయ్యి ఎత్తి ఊపేవారు, అచ్చం బ్రేక్ వ్యాన్ తలుపులోంచి ఊపినట్టు.

2023 జనవరిలో సపోర్టు చక్రాలు తీసేశాం. అప్పటికి నాన్న నడవడం కష్టమైంది. పార్కు గేటు దాకా ఆటోలో తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టేదాన్ని. పాప ఒక చుట్టు పూర్తిగా, పడకుండా, ఎవరూ పట్టుకోకుండా తొక్కి వచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. చెట్ల మలుపులో అది కనపడకుండా పోయినంతసేపూ నాన్న చేతికర్ర మీద గడ్డం ఆనించి అటే చూస్తున్నారు. మలుపు తిరిగి ఇటు వచ్చింది, మమ్మల్ని దాటి వెళ్లింది, వెనక ఆ ఎర్ర బిళ్ల ఎండకి తళుక్కుమంది. నాన్న ఊపిరి వదిలారు.

ఆ రాత్రి పెన్సిల్ అడిగారు. ఆయనే నాలిక్కి ఆనించుకున్నారు. ఏం రాశారో నేను చూడలేదు. మార్చిలో పోయారు. పదకొండో పుస్తకంలో చివరి పేజీ అదే, అక్షరాలు ఇటూ అటూ పోయాయి గానీ ఊదారంగు మాత్రం ముదురుగా ఉంది.

"పార్కు. బ. 5-10. చే. 5-16. లోడు 1. సొంత పవర్. గార్డు బల్ల మీద. బండి రైట్ టైమ్."